ముందు థర్మామీటర్, తర్వాతే వానపాము

మన ఇళ్లలో ప్రేమను కంచంతో కొలుస్తాం. గడప తొక్కినవాళ్లను కుశలం అడగకముందే తిన్నారా అంటాం. జ్వరంతో పడుకున్న బిడ్డ వద్దంటున్నా నాలుగు ముద్దలు పెట్టందే తల్లికి నిద్ర పట్టదు. ఆ అలవాటే పెంపుడు జంతువుల దగ్గరికీ వస్తుంది. కుక్క, పిల్లి, చిలుక వరకు దానితో పెద్ద ఇబ్బంది లేదు. తొట్టి నీళ్లలో పెంచే ఉభయచరం ఆక్సలాటిల్ విషయంలో మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. అది తినడం మానేసిందని మీరు పూటకో కొత్త తిండి తొట్టిలో వేస్తారు. అది ముట్టదు. వేసింది కుళ్లుతుంది, నీళ్లు చెడతాయి, నీళ్లు చెడినందుకు అది ఇంకా తినదు. కర్నూలులో, కడపలో మే నెల ఎండకు ఈ చక్రం మరీ వేగంగా తిరుగుతుంది. అందుకే తిండి గురించి రాస్తున్న ఈ అధ్యాయంలో చాలాసేపు తిండి ఊసే రాదు.

గొర్రె మేత ముట్టకపోతే ఏం చూడాలో, ఎద్దు నెమరు వేయకపోతే ఎవరిని పిలవాలో రాయలసీమ పల్లెల్లో ఏ పెద్దాయన్ను అడిగినా చెబుతాడు. ఆక్సలాటిల్ గురించి అడిగితే చెప్పే పెద్దాయన లేడు. దీనిలా పెద్దయ్యాక కూడా కాళ్లూ తోకా రెండూ ఉండే ఉభయచరాలు దక్షిణ భారతంలో సహజంగా ఎక్కడా లేవు. మన దేశంలో దీని దూరపు చుట్టాలు తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో మాత్రమే ఉన్నాయి. దీని సొంత ఊరు మెక్సికో నగరం అంచున ఉన్న షోచిమిల్కో కాలువలు. ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ తట్టుకోలేక మనం వెళ్లే హార్స్‌లీ హిల్స్ ఎత్తు అందులో సగం పైచిలుకు. కర్నూలు మూడు వందల మీటర్ల లోపే, కడప ఇంకా పల్లం. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ప్లాస్టిక్ సంచిలో రాత్రి బస్సెక్కి వచ్చిన ఆ జీవి ఎంత కిందికి దిగి వచ్చిందో ముందు ఊహించుకోవాలి.

నిజంగా మానేసిందా?

ఎదిగిన ఆక్సలాటిల్‌కు రోజూ తిండి అక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు చాలు. మూడు రోజులు తినకపోతే కంగారు పడాల్సింది అరచేయంత పొడవు కూడా లేని పిల్ల విషయంలో. దానికి రోజూ తిండి కావాలి, ఒంట్లో నిల్వ ఉండదు. ఒళ్లు చేసిన పెద్దది, చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంటే, రెండు వారాలు పస్తున్నా తట్టుకోగలదు. మీకు అంత సమయం ఉంది. ఆ సమయాన్ని నీళ్ల మీద ఖర్చు పెట్టండి.

అది చిక్కుతోందో లేదో కళ్లతో తేల్చుకోవద్దు. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. తొట్టి పైనుంచి ఫోటో తీసి పొట్ట వెడల్పు తల వెడల్పుతో పోల్చండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే బాగున్నట్టు. పొట్ట తల కంటే సన్నబడుతుంటే నిజంగా చిక్కుతున్నట్టు. నాలుగు రోజులకోసారి ఒకే కోణంలో తీసిన ఫోటోలు ఇంట్లో అందరి అభిప్రాయాల కంటే మేలు.

కొన్నిసార్లు అది తిండి మానదు, తిండిని కనుక్కోలేకపోతుంది. దీని చూపు మందం. కనురెప్పలు లేవు కాబట్టి ట్యూబ్‌లైటు కింద ముడుచుకుపోతుంది. వాసనను బట్టి, నీటిలో కదలికను బట్టి వేటాడుతుంది. ఫిల్టర్ నుంచి నీళ్లు జోరుగా దూకుతుంటే ఆ రెండూ చెదిరిపోతాయి. సాయంత్రం లైట్లు తీసేసి, ఫిల్టర్ పది నిమిషాలు ఆపి, మొద్దు కొసల పట్టకారుతో వానపామును దాని మూతి ముందు మెల్లగా కదిలించి చూడండి. అప్పుడు టక్కున పీల్చేస్తే ఈ అధ్యాయంలో మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకలి కాస్త తగ్గినా భయం లేదు. చలికి దాని ఒళ్లు నెమ్మదిస్తుంది. నిజానికి సీమలో దానికి సుఖమైన కాలం అదొక్కటే.

వేడి

పట్టకారుతో ముందు కదిలించినా మూతి తిప్పుకుంటే థర్మామీటర్ తీయండి. అక్వేరియం దుకాణంలో దొరికే మామూలుది చాలు. ఆక్సలాటిల్‌కు 16 నుంచి 18 డిగ్రీలు హాయి. 20 దాకా పరవాలేదు. 24 దాటి రోజుల తరబడి ఉంటే ఒళ్లు దెబ్బతినడం మొదలవుతుంది, అందులో మొదట పోయేది ఆకలి. కారణం నీళ్లలోనే ఉంది. 18 డిగ్రీల నీళ్లు లీటరుకు తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి. మరోపక్క వేడికి దాని ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఊపిరికే వెతుక్కునే జీవికి అరిగించుకునే ఓపిక ఎక్కడిది? మొప్పలను మాటిమాటికీ విదిలిస్తుంటే, గాలి కోసం పైకి తరచూ వస్తుంటే, మొప్పలు ముందుకు వంగి తోక కొస కొక్కెంలా ముడుచుకుంటే, అది చెప్పాల్సింది చెప్పేసినట్టే.

ఒక్క పూట కొలిచి ఊరుకోవద్దు. మన మిద్దె ఇళ్లలో స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రి తొమ్మిది దాకా కక్కుతుంటుంది. తొట్టి నీళ్లు బాగా వేడెక్కేది చాలా ఇళ్లలో మిట్టమధ్యాహ్నం కాదు, పొద్దుగూకాక. కాబట్టి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి భోజనాలప్పుడు ఒకసారి చూసి పలక మీదో క్యాలెండర్ మీదో రాయండి. ఈ రెండు అంకెల తేడా కూడా ముఖ్యమే. రోజుకు ఐదారు డిగ్రీలు ఎక్కుతూ దిగుతూ ఉండే నీళ్లు నిలకడగా 21 ఉన్న నీళ్ల కంటే చెడ్డవి.

ఇప్పుడు దించడం ఎలాగన్నది. సీమ ఎండలో ఒక మేలుంది, అది పొడి ఎండ. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తొట్టి మీద అద్దం మూత తీసేసి, ఆక్సలాటిల్ దూకిపోకుండా వల బిగించి, చిన్న ఫ్యాను గాలి నీటి పైభాగం మీద తగిలేలా పెట్టండి. అరవై లీటర్ల తొట్టి నుంచి ఒక్క లీటరు ఆవిరైతే, బయటి వేడి లోపలికి రాకపోతే, మిగిలిన నీళ్లు తొమ్మిది డిగ్రీలకు పైగా చల్లబడాలి. బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత ఫలితం రాదు, నాలుగైదు డిగ్రీలైతే తరచూ వస్తుంది. ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. గాలి 41 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న కర్నూలు మధ్యాహ్నం, ఆవిరి వల్ల నీళ్లు ఎంత చల్లబడినా 23 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. 38 డిగ్రీల ఎండ, 55 శాతం తేమ ఉన్న కోస్తా మధ్యాహ్నమైతే 30 దగ్గరే ఆగిపోతాయి. అంటే విజయవాడ బంధువుకు పనికిరాని ఫ్యాను మీకు సగం పనికొస్తుంది. సగమే. మిగతా సగానికి నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో, రోజంతా నడిచే ఏసీ గదో కావాలి.

ఐస్ సీసాల గురించి అందరూ చెబుతారు. లెక్క చూడండి. లీటరు నీళ్లు గడ్డకట్టించిన సీసా అరవై లీటర్ల తొట్టిలో పూర్తిగా కరిగితే నీళ్లు దిగేది ఒకటిన్నర డిగ్రీ, మహా అయితే రెండు. ఆ చల్లదనం కొన్ని గంటల్లో కరిగిపోతుంది. మళ్లీ సీసా, మళ్లీ దిగుడు, మళ్లీ ఎక్కుడు. రోజువారీ పద్ధతిగా ఇది చెడ్డది. కరెంటు పోయిన పూట ఆదుకోవడానికి మాత్రం ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు సిద్ధంగా ఉండాలి. వాటిని ఒకేసారి ముంచేయకుండా ఒకటి కరిగాక ఒకటి వేయాలి. తొట్టికి మూడు వైపులా థర్మోకోల్ అట్టలు అతికిస్తే సీసా చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. థర్మోకోల్‌కు అయ్యే ఖర్చు ఎంతని, అయినా ఎవరూ అతికించరు. అందం చెడుతుందట.

చిల్లర్ కొనేవాళ్లకు ఒక మాట. అది నీళ్లలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో పెడితే తన వేడితో తానే కుస్తీ పడుతుంది. కిటికీ పక్కన, వెనక జానెడు జాగా ఉండేలా పెట్టండి. ఇంటి ఇన్వర్టర్ దాన్ని మోస్తుందో లేదో ఎండాకాలం రాకముందే ఎలక్ట్రీషియన్‌ను అడగండి. మోయకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి తప్పనిసరి.

ఈ ఖర్చంతా ఆ జీవి ధరకు ఎన్నో రెట్లు. నా అభిప్రాయం దాచను. ఏసీ గానీ చిల్లర్ గానీ పెట్టలేని ఇల్లు కర్నూలు, కడపల్లో ఆక్సలాటిల్ కొనకూడదు. కొన్నాక తెలుసుకున్నవాళ్ల కోసమే ఈ అధ్యాయం.

ఏ నీళ్లు?

వేడి సరిగానే ఉండి ఇంకా తినకపోతే నీళ్ల లోపలికి చూడాలి. ఇక్కడ మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి కాబట్టి పాపం సున్నితమైన జీవికి మినరల్ వాటర్ క్యాన్ తెచ్చి పోస్తే మంచిదని. ఇది తలకిందులు. ఆక్సలాటిల్‌కు కాస్త గట్టి నీళ్లే నప్పుతాయి. ప్రయోగశాలల్లో వీటిని పెంచేవాళ్లు నీళ్లలో లవణాలు కలిపి మరీ పోస్తారు. మినరల్ వాటర్ అని అమ్మే ఆర్వో క్యాన్‌లో ఆ లవణాలు చాలావరకు తీసేసి ఉంటాయి. తొట్టి మొత్తం ఆ నీళ్లతో నింపితే జీవి ఒంట్లోని లవణాల లెక్క తప్పుతుంది. అయితే క్యాన్ నీళ్లకు ఒక సరైన వాడకం ఉంది. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరవుతాయి, లవణాలు మిగిలిపోతాయి. తగ్గినంతా మళ్లీ బోరు నీళ్లతోనే నింపుతూ పోతే గట్టిదనం పేరుకుంటుంది. కాబట్టి ఆవిరైన మేరకు క్యాన్ నీళ్లు, వారానికోసారి పాత నీళ్లు తీసి మార్చేటప్పుడు మామూలు నీళ్లు.

మామూలు నీళ్లంటే మున్సిపాలిటీ కుళాయివైతే క్లోరిన్ పోగొట్టాలి. అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయండి. కలబంద కలిపిన రకం వద్దు. ఏ నీళ్లయినా తెల్లవారుజామునే పట్టి నీడన పెట్టుకోండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు కుళాయి తిప్పితే వచ్చేది దాదాపు స్నానానికి కాచిన నీళ్లు.

మన గట్టి నీళ్లలో అసలు ప్రమాదం అమ్మోనియా దగ్గర దాక్కుని ఉంది. జీవి మలం నుంచి, కుళ్లిన తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని అరిగించే బాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే జీవిని వదిలినవాళ్ల ఇళ్లలో రెండో వారానికి ఆకలి పోయేది ఇందుకే. పైగా సున్నపురాయి నేలల బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉండటం మామూలు. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. ఇంకో ఊరిలో జీవి తట్టుకున్న మురికిని మన ఊరిలో తట్టుకోలేదు. చుక్కలతో రంగు మారే టెస్ట్ కిట్ తెచ్చుకోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. చూపకపోతే ఆ రోజే మూడోవంతు నీళ్లు మార్చండి, మర్నాడు మళ్లీ కొలవండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి.

తొట్టి అడుగున రంగురాళ్లు ఉన్నాయా? తీసేయండి. ఇది నోరు తెరిచి తిండితోపాటు పక్కనున్నదంతా పీల్చేస్తుంది. గింజంత రాయి పేగులో అడ్డుపడితే పొట్ట ఉబ్బుతుంది, మలం రాదు, ఒక్కోసారి ఒళ్లు నీటిపైకి తేలుతుంది. అడుగు ఖాళీగా ఉంచడమే మేలు. జారుతోందనిపిస్తే ఒక బేతంచెర్ల నాపరాయి పలక పరిచేయండి, అంచులు గరుకు తీయించి. అది తల కంటే పెద్దది, మింగలేదు.

ఇప్పుడు వానపాము

నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు తిండి గురించి మాట్లాడుకోవచ్చు. ఆక్సలాటిల్‌కు వానపాము మించిన ఆహారం లేదు. చిక్కల్లా సీమలో వానపాములెక్కడివి అన్నది. ఎండాకాలం మన నల్లరేగడి నెర్రెలు బారితే అవి లోతుకు వెళ్లిపోతాయి. అందుకని అందరూ వర్మీకంపోస్టు షెడ్డుకు పోతారు. ‘అన్నా, రెండు గుప్పెళ్లు ఇస్తావా’ అంటే చేపలకనుకుని ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చి వేస్తే ఆక్సలాటిల్ నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. యజమాని గుండె జారిపోతుంది.

జబ్బు కాకపోవచ్చు, రుచి కావచ్చు. ఎరువు షెడ్లలో ఎక్కువగా పెంచేవి రెండు రకాలు. ఒంటిపై ఎరుపు, లేత పసుపు చారలు అడ్డంగా ఉండి, పట్టుకుంటే పసుపుపచ్చని కంపు నీరు వదిలేది ఐసీనియా. ఆ నీరు చేదు, అదే ఉమ్మేయడానికి కారణం. చారలు లేకుండా, పెద్దగా, ఊదా గోధుమ రంగులో వెలుతురుకు నీలంగా మెరిసేది యూడ్రిలస్. దీన్ని ఇష్టంగా తింటుంది. షెడ్డులో అడిగి రెండోది ఏరి తెచ్చుకోండి. ఐసీనియా తప్ప దొరకకపోతే కాగిన నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి, చల్లటి నీళ్లలో బాగా కడిగి ఇవ్వండి. ఏ వానపామునైనా ఒక రోజు తడి కాగితంలో ఉంచితే కడుపులోని మట్టి పోతుంది. పత్తి, మిరప చేలల్లో తవ్వినవి మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. ఆ చేలకు కొట్టిన మందులన్నీ వాటి ఒంట్లో ఉంటాయి.

కోడి కార్జం, మటన్ ముక్క దీనికి కొవ్వెక్కువ, అరగవు. చిన్న బంగారు చేపలను బతికుండగా వదలడం ఇంకా చెడ్డ ఆలోచన. అవి రోగాలు మోసుకొస్తాయి, పైగా రాత్రిపూట దీని మొప్పలనే కొరుకుతాయి. ఆకలి పుట్టించాలంటే ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ ఒక ముక్క కరిగించి చూడండి. పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్క కూడా పనికొస్తుంది. ఏది వేసినా అరగంటలో తినకపోతే తీసేయాలి. నోరు తెరిచి కుక్కడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు. దాని దవడ సున్నితమైనది.

నీళ్లు, తిండి రెండూ సరైనా వారం దాటి ముట్టకపోతే, మొప్పల మీద దూదిలాంటి తెల్లటి బూజు కనిపిస్తే, ఒళ్లు ఉబ్బితే, పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మొప్పలు కురచబడుతూ, తోక మీది పొర కరిగిపోతూ, కళ్లకు రెప్పలు వస్తుంటే మాత్రం అది అరుదైన రూపాంతరం, నేలమీది జీవిగా మారుతోంది. 1865లో పారిస్‌లో పెంచినవాటిలో కొన్ని ఇలా మారేసరికి అగస్త్ ద్యుమెరిల్ అనే శాస్త్రవేత్త ఆశ్చర్యపోయాడు. అదీ వైద్యుడికి చూపాల్సిందే.

మన జిల్లాల్లో పశువైద్యులు రోజంతా చూసేది గేదెలను, గొర్రెలను. వాళ్లలో చాలామంది ఆక్సలాటిల్‌ను చూసి ఉండరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలలోనో, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలోనో అడిగి చూడొచ్చు. ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. ఖాళీ చేతులతో పోవద్దు. మీరు రాసిన ఉష్ణోగ్రతలు, టెస్ట్ కిట్ అంకెలు, పైనుంచి తీసిన ఫోటోలు, అది ఈదే తీరు చూపే చిన్న వీడియో, దొరికితే మలం తీసుకెళ్లండి. వాటిని చూస్తే ఆక్సలాటిల్‌ను ఎప్పుడూ చూడని డాక్టర్‌కు కూడా పట్టు దొరుకుతుంది. జీవిని తీసుకెళ్లాల్సింది థర్మోకోల్ పెట్టెలో, తెల్లవారుజామునే. దుకాణంవాళ్లు ఇచ్చే ఆకుపచ్చ, నీలం రంగు చేపమందులు దారిలో వేయకండి. దీని చర్మం నీళ్లలో ఉన్నదాన్ని పీల్చుకుంటుంది, చేప తట్టుకున్న మోతాదు దీన్ని చంపొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి కాపాడామని చెప్పేవాళ్లూ ఉంటారు. డాక్టర్ చెప్పకుండా అది చేయకండి. ఇంట్లో అమ్మ కూడా ఒప్పుకోదు, అది వేరే సంగతి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. అడవి ఆక్సలాటిల్ అంతరించే అంచున ఉంది. షోచిమిల్కోలో 1998 సర్వేలో చదరపు కిలోమీటరుకు ఆరు వేలు లెక్కతేలితే 2014లో 36 తేలాయి. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం జాబితాలో ఉన్న ఇలాంటి జీవులను పెంచేవాళ్లు వాటిని నమోదు చేసుకోవాలని 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి సవరణ వచ్చింది. దానికి 2024లో నియమాలు వచ్చాయి. పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉంటుంది, అటవీశాఖ కార్యాలయంలో అడగండి. సాకలేకపోతే తీసుకెళ్లి కేసీ (కర్నూలు-కడప) కాలువలో వదలడం దారి కాదు. ఆ వేడికి అది చస్తుంది, దాని ఒంటిమీది బూజు రోగాలు మన కప్పలకు అంటుకునే ప్రమాదం మిగులుతుంది.

ఇక అది మళ్లీ నోరు తెరిచిన రోజు. సంతోషంలో నాలుగు వానపాములు వేసేయకండి. పస్తున్న కడుపు కాబట్టి అర వానపాము, అంతే. రెండు రోజులు ఆగి మలం వచ్చిందో లేదో చూడండి. వస్తే ఇంకో అరముక్క, రాకపోతే ఇంకో రోజు ఆగడం. తిన్నది కక్కేస్తే మళ్లీ థర్మామీటర్ దగ్గరికి పోవాలి. పొట్ట తల వెడల్పుకు వచ్చేదాకా ఇలాగే నడిపించి, ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్ల పాత పద్ధతికి రావచ్చు.